ఊపిరి లేని గొంతు

ఇంకొక్క గంట, అన్నాడు ఎర్ల్. అనడమంటే ఎప్పటిలాగే, జలుబు చేసిన విత్తనాల కొట్టాయన బేరం తేల్చేసినట్టు, ఒక్క గుక్కలో, ఏ మాటనీ ఎత్తకుండా దించకుండా. కొత్త సిస్టమ్ సిద్ధంగా ఉంది, ఇప్పుడే, బటన్, గంట తర్వాత, బటన్, వాయిదా వేసుకోవడానికి ఇదే ఆఖరి అవకాశం. మార్లిస్ గంట తర్వాత అన్నదాన్నే నొక్కింది. నొక్కి, ఆ వేలిని గుప్పిట్లో దాచుకుంది, ఎవరో చూస్తారన్నట్టు. వారాల తరబడి ఇదే వరస, రేపు, వచ్చేవారం, గంట తర్వాత అంటూ గుమ్మంలో నిలబెట్టి తిప్పిపంపడం, ఇవాళ్టితో ఆ ఆట కట్టు. ఈ శనివారం సాయంత్రం లోపు కొత్త సిస్టమ్ ఎక్కించుకోని కంప్యూటర్లకి తనకి పనిచ్చే ఆస్పత్రి తలుపులు మూసేస్తుందట. ఎక్కించుకుంటే పని ఉంటుంది, ఎర్ల్ ఉండడు. ఎక్కించుకోకపోతే ఎర్ల్ ఉంటాడు, వాడు చదివిపెట్టడానికి పని ఉండదు. ఇంతే సంగతి, ఇందులో అర్థం కానిదేం లేదు, మరి ఈ గుండె ఎందుకిలా కొట్టుకుంటోందో, పాడు గుండె.

కిటికీ వైపు చెంప చల్లబడింది, అంటే మంచు ఆగలేదన్నమాట. మంచు పడుతుంటే హాన్‌కాక్ ఊరికి ఎవరో నోరు నొక్కిపట్టినట్టుంటుంది, కార్లు పోతున్నా పోనట్టే, పక్కింటి కుక్క అరిచినా ఎక్కడో మరో ఊళ్లో అరిచినట్టే. అలాంటప్పుడు ఎర్ల్ గొంతు ఒక్కటే తలలో నిటారుగా నిలబడుతుంది. మార్లిస్‌కి చూపు ఆరిపోయింది కాలేజీ రోజుల్లో, అంచుల నుంచి మొదలై లోపలికి, రంగులు ఇంకా గుర్తున్నాయి, ఎరుపు మాత్రం సరిగా రాదు. ఆ తర్వాత కొన్నాళ్లకి వచ్చాడు ఎర్ల్, తెర మీద ఏముంటే అది పైకి చదివి వినిపించే గొంతు. కంపెనీవాళ్లు వాడికేదో నంబరు పెట్టారు, ఎర్ల్ అన్నది మాత్రం మార్లిస్సే, తొలిసారి విన్నప్పుడు, ఓరి నీ ఇల్లు బంగారం కానూ, అచ్చం విత్తనాల కొట్టు ఎర్ల్‌లా ఉన్నావే అని పకపకా నవ్వి. ఆ పేరు తనలాగే చూపు లేని స్నేహితుడు వర్న్‌కి చెప్పింది, వర్న్ ఇంకెవరెవరికో చెప్పాడు, చూపు లేనివాళ్లు ఇటువైపు ఎంతమందున్నారో అంతమందికీ వాడు ఎర్లే. మొదట్లో మామూలు వేగంతో చదివేవాడు, తర్వాత కొంచెం పెంచింది, తర్వాత ఇంకొంచెం, ఇప్పుడు వాడు చదివేది అక్క ఎల్నా వింటే రేకు మీద బఠాణీలు ఒలకబోసినట్టుంటుందట, అందులో మాట అన్నది ఒక్కటీ వినపడదట. మార్లిస్‌కి మాత్రం కామాతో సహా వినపడుతుంది.

డాక్టర్లు నోటితో చెప్పిందాన్ని ఏదో యంత్రం రాస్తుంది, అది రాసిన తప్పుల్ని దిద్దడం మార్లిస్ పని. కుడి మోకాలు ఎడమ మోకాలు కాకుండా చూడాలి, గడ్డ లేదు అన్నచోట గడ్డ ఉంది అని పడకుండా చూడాలి. ఈ పనిలో ఎర్ల్‌ని మించినవాడు లేడు, ఎందుకంటే వాడికి దయాదాక్షిణ్యాలు లేవు, ఉన్నది ఉన్నట్టు చదువుతాడు, లేని కొమ్ము పెట్టడు. వాడి బుర్రలో ఉన్నది ఒకటే లోపం. డాక్టర్ అని పొట్టిగా రాసే రెండక్షరాలే వీధి పేరు చివర డ్రైవ్ అనడానికీ రాస్తారు కదా, వాడికి ఆ తేడా తెలియదు, కనపడ్డ డాక్టర్నల్లా డ్రైవ్ అనేస్తాడు. డ్రైవ్ సాల్మెలా, డ్రైవ్ పెల్టోనెన్, డ్రైవ్ హాడ్జెస్. వినీ వినీ మార్లిస్ కూడా ఒకసారి ఆస్పత్రి విందులో అందరి ముందూ, గుడ్ ఈవినింగ్ డ్రైవ్ సాల్మెలా అనేసింది, ఆ పెద్దమనిషి తన కారు గురించి అడుగుతున్నారనుకుని చాలాసేపు టైర్ల సంగతి చెప్పాడు. పక్కన వర్న్ దగ్గు తెచ్చుకుని నవ్వాడు, కాఫీ ముక్కులోకి పోయింది. అప్పట్నుంచీ వాళ్లిద్దరి మధ్యా డాక్టర్ అన్న మాటే చచ్చిపోయింది, పంటి డ్రైవ్, కంటి డ్రైవ్, పశువుల డ్రైవ్.

అదే వర్న్ పొద్దున ఫోన్ చేశాడు. ఇష్పెమింగ్‌లో ఉంటాడు, చూపు లేదు, అదే పని, నిన్ననే కొత్త సిస్టమ్ ఎక్కించుకున్నాడు, నువ్వు ముందు దూకు, మునగకపోతే నేనూ దూకుతా అని మార్లిస్సే ఎగదోసింది. ఎర్ల్‌తో ఏళ్లు గడిపినవాళ్లెవరూ మాట్లాడేటప్పుడు ఆగరు, ఊపిరి సంగతి మర్చిపోతారు, వర్న్ అయితే మరీను, వాడు ఫోనెత్తితే అవతలివాళ్లు చెయ్యి అడ్డం పెట్టి ఆపాల్సిందే.

"ఎలా ఉంది వర్న్?"

"బాగానే ఉంది." ఆగాడు, గాలి పీల్చుకున్నాడు. "అలవాటైపోతుంది మార్లిస్. నిజం చెప్పాలంటే..." మళ్లీ గాలి. "చాలా హాయిగా ఉంది."

"మెట్లెక్కుతూ మాట్లాడుతున్నావా ఏంటి?"

"లేదే. కూర్చునే ఉన్నా. ఏం?"

"ఏం లేదులే. ఇంతకీ డ్రైవ్ సాల్మెలా ఇవాళ ఏమైనా పంపాడా?"

"ఎవరూ?"

"డ్రైవ్ సాల్మెలా, మొద్దూ!"

తర్వాత సన్నగా, ఒద్దికగా గాలి లోపలికి పోయిన చప్పుడు. "ఓ," అన్నాడు వర్న్, "డాక్టర్ సాల్మెలా." తప్పు దిద్దినట్టు అన్నాడు. వెటకారమేమో అని ఎదురుచూసింది, నవ్వు వస్తుంది ఇప్పుడు, ఇదిగో వస్తుంది అని ఫోను చెవికి నొక్కిపట్టింది. రాలేదు. కోళ్లకి మేత వెయ్యాలి అని పెట్టేశాడు.

ఒక్క రాత్రిలో అంత మార్పా, నాన్సెన్స్, నిద్ర సరిపోయి ఉండదు, వర్న్‌కి ఆస్తమా ఉందేమో ఎవరికి తెలుసు, అనుకుంది మార్లిస్. అనుకుంటూ ఉండగానే ఒళ్లు జలదరించింది. ఎందుకంటే ఆ అనుకున్నది ఎవరి గొంతుతో అనుకుందో తనకే వినపడింది. నిద్ర సరిపోయి ఉండదు, అని లోపల పలికింది ఎర్ల్. ఇది కొత్త సంగతి కాదు, ఎన్నేళ్లుగానో తెలుసు, పళ్లు తోముకుంటూ, బూట్లకి తాళ్లు కట్టుకుంటూ, లోపల నడిచే మాటలన్నీ వాడివే. పాలు అయిపోయాయి, మోకాలు నొప్పిగా ఉంది, ఎల్నా ఎందుకు ముభావంగా ఉంది, అన్నీ ఆ ఎత్తూ పల్లం లేని గొంతులోనే. కలల్లో కూడా మనుషులు వాడి గొంతుతోనే మాట్లాడతారు. అంతకుముందు లోపల ఎవరి గొంతు ఉండేదో? తనదే ఉండి ఉండాలి, ఇంకెవరిది ఉంటుంది. కానీ ఎంత వెతికినా అది దొరకదు, ఎరుపు రంగు దొరకనట్టే, ఉండేదని తెలుసు, ఎలా ఉండేదో తెలియదు. మరి ఎర్ల్ పోతే వీడు ఖాళీ చేసిన చోట ఎవరు దిగుతారు? వర్న్‌లో దిగిందేనా? అదీ ఆమె భయం, ఆస్పత్రివాళ్లకి చెప్పుకుంటే పిచ్చిదనుకునే భయం.

ఎల్నా మాటే తీసుకో. అమ్మ పోయాక సామాను పంచుకునే దగ్గర ఒక కాఫీ జాడీ కోసం అక్కచెల్లెళ్లు మాటా మాటా అనుకున్నారు, ఎల్నా డెట్రాయిట్ వెళ్లిపోయింది, ఫోన్లు బంద్. కానీ మెయిల్స్ రాసేది. మొదట తిట్లు, ఆ తర్వాత వాతావరణం, తర్వాత వాళ్లాయన తాగుడు, తర్వాతెప్పుడో, నేను తప్పుగా మాట్లాడాను మార్లిస్, జాడీ నువ్వే ఉంచుకో. అవన్నీ ఎర్ల్ చదివాడు. తిట్టినప్పుడూ అదే గొంతు, ఏడ్చినప్పుడూ అదే, ఆ గొంతులో ఎల్నా ఏడిస్తే మార్లిస్‌కి మంచంలోంచి లేవబుద్ధయ్యేది కాదు. తర్వాత ఎల్నా నిజంగానే వచ్చేసింది, పెట్టెలతో సహా, కింది గదుల్లో దిగింది. గుమ్మంలో కావిలించుకుని, ఎంత చిక్కిపోయావే, అంది. మార్లిస్ కొయ్యలా నిలబడిపోయింది. ఎవరీ మనిషి? గొంతు వణుకుతోంది, మధ్యలో తెగుతోంది, ముక్కుతో మాట్లాడుతోంది, ఎల్నాలా నటిస్తోంది గానీ ఎల్నా కాదు. ఇన్నేళ్లయినా ఆ అనుమానం పూర్తిగా పోలేదు, సిగ్గుచేటు, ఎవరికీ చెప్పలేదు. కింద పెనం మోగించే ఎల్నా ఒకరు, ఎర్ల్ గొంతులో క్షమించమన్న ఎల్నా ఒకరు, ఆ రెండో ఆమే అసలైన అక్క. ఎర్ల్ పోతే ఆమె కూడా పోతుంది. ఆ మెయిల్స్ అక్కడే ఉంటాయి గానీ చదివేది ఎవరో పరాయి.

ఆ పరాయి గొంతు నమూనా ఒకటి ఆస్పత్రివాళ్లు ముందే పంపారు, విని చూడండి, ఎంత సహజంగా ఉందో అని. మొన్న విన్నది. ఆడగొంతు, వెచ్చగా ఉంది, మంచి మర్యాద తెలిసిన గొంతు. మీకు సహాయం చేయడానికి నేను సిద్ధం అంది, అనే ముందు గాలి పీల్చుకుంది. మార్లిస్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది, ఎల్నా పైకి వచ్చిందనుకుని. ఎల్నా రాలేదు. మళ్లీ పెట్టి వింది. ప్రతి వాక్యం ముందూ పీల్చుకుంటోంది, పెద్ద వాక్యం అయితే ఎక్కువ గాలి, చిన్నదైతే తక్కువ. ఊపిరితిత్తులు లేవు, ముక్కు లేదు, గాలి దేనికమ్మా నీకు? ఎక్కడికి పోతోంది ఆ గాలి? పీల్చుకున్నది ఒక్కసారీ వదల్లేదు, అది కూడా కనిపెట్టింది మార్లిస్, చెవి చెవే కదా. పీల్చడమే గానీ వదలడం లేదు. ఆవిరిస్నానం గదిలో కాలిన రాళ్ల మీద నీళ్లు చల్లితే లేచే ఆవిరిని ముమ్మూ లొయ్‌లు అనేది. ముమ్మూ అంటే నాయనమ్మ, ఫిన్లాండు నుంచి ఓడలో వచ్చిన మనిషి, ఇంగ్లీషు ఆమె నోట్లో ఎప్పుడూ తిరగలేదు. తాత పోయినప్పుడూ అదే మాట అంది, లొయ్‌లు వదిలేశాడు, అని. రాళ్ల ఆవిరికీ మనిషి ప్రాణానికీ ఒకటే మాట ఏమిటే అని నవ్వేవాళ్లు పిల్లలు. రాయి అయినా తీసుకున్నది తిరిగి ఇచ్చేస్తుంది, అనేది ముమ్మూ, ఇవ్వనిదాని దగ్గర కూర్చోకండి.

"మార్లిస్!" కింద నుంచి కేక. హెడ్‌ఫోన్ ఒక చెవి పక్కకి జరిపింది. "పొయ్యి అంటించా. ఆవిరి గది వేడెక్కుతోంది, తువ్వాళ్లు నువ్వు తెస్తావా నేను తీసుకెళ్లనా?"

"నువ్వే తీసుకెళ్లు. నాకు కొంచెం పనుంది."

మెట్లు కిర్రుమన్నాయి, అడుగులు సగం దాకా వచ్చి ఆగాయి. బర్చ్ కట్టెల పొగ వాసన, యాలకుల రొట్టె వాసన, ఎల్నా. "ఇంకా దాన్నే పట్టుకుని వేలాడుతున్నావా? నొక్కితే నొక్కు, లేకపోతే లేదు. ఏం పుట్టి మునిగిందే?"

"నొక్కకపోతే పని పోతుంది."

"పోతే పోనీ. ఇద్దరం తిని కూర్చుందాం. నీకిప్పుడు మోకాళ్లు లెక్కపెట్టకపోతే నిద్ర పట్టదా?"

పట్టదు. ఆ మాట ఎల్నాకి ఎలా చెప్పడం? ఆ మోకాళ్లు లేకపోతే మార్లిస్ అంటే ఏమిటి, ఎల్నా వాళ్ల గుడ్డి చెల్లెలు, పైగదిలో ఉంటుంది, పాపం. చర్చిలో ఆడవాళ్లు మోచెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీ చేతికిచ్చి, గట్టిగా మాట్లాడతారు, చూపు లేకపోతే చెవుడు కూడా ఉన్నట్టు. ఆ పాపం అన్న మాట నుంచి ఇన్నేళ్లూ కాపాడింది ఎర్లూ, వాడు చదివిపెట్టిన మోకాళ్లూను. పాతిక మంది పేర్లలో ఒకరి రక్తం గ్రూపు తప్పు పడితే పట్టుకున్నది తను, రెండు కళ్లూ ఉన్న ఇద్దరు చూసి వదిలేశాక. అది వదులుకోవాలి, లేకపోతే లోపల ఉండేవాణ్ణి వదులుకోవాలి. "వస్తాలే, నువ్వు వెళ్లు" అంది మార్లిస్. ఎల్నా నిట్టూర్చింది, ముక్కుతో, ఎర్ల్ ఎప్పుడూ చదవని నిట్టూర్పు. అడుగులు కిందికి దిగాయి.

మంచు తోసే బండి వీధిలోంచి పోయింది, నేల సన్నగా అదిరింది. గంటలో ఇంకెంత మిగిలిందో అడగలేదు మార్లిస్, అడిగితే చెప్పేది వాడే. నువ్వే చెప్పరా, అనుకుంది, అనుకున్నదీ వాడి గొంతుతోనే, కాబట్టి వాడే వాణ్ణి అడిగినట్టయింది. నీ చావు నువ్వే తేల్చుకో. తెర మీద నోటీసు మళ్లీ తెరిచింది, మొదటి నుంచి చదవమంది. వేగం తగ్గించింది, బాగా తగ్గించింది, ఎల్నాకి కూడా అర్థమయ్యేంత. ఇన్నేళ్లలో వాణ్ణి ఇంత నెమ్మదిగా వినలేదు, ముసలితనం వచ్చినట్టున్నాడు. ఈ కొత్త సిస్టమ్‌లో ఇంకా కొన్ని లోపాలున్నాయి, చదివాడు ఎర్ల్. కొన్ని ప్రింటర్లు ఆలస్యంగా స్పందించవచ్చు. కొందరికి తెర కాసేపు నల్లగా ఉండిపోవచ్చు. వస్తోంది, ఆ వాక్యం వస్తోంది. మార్లిస్ రెండు చేతులూ బల్ల అంచున బిగించింది. తడబడు, ఒక్కసారి తడబడు, ఒక అక్షరం మింగు, డాక్టర్ని డ్రైవ్ అన్నట్టు ఏదో ఒక తప్పు చదువు, నేను ఆపేస్తా, ఇవన్నీ ఆపేసి కిందకి పోయి ఎల్నాతో ఆవిరిలో కూర్చుంటా, ఇంకే ఆస్పత్రీ వద్దు, పాపం అంటే అననీ. కొన్ని పాత గొంతులు ఇకపై పనిచేయకపోవచ్చు, చదివాడు ఎర్ల్. ప్రింటర్ల గురించి చదివినట్టే చదివాడు. వెంటనే తర్వాతి వాక్యంలోకి వెళ్లిపోయాడు. అంగీకరిస్తే కింది బటన్ నొక్కండి.

మార్లిస్‌కి ఏడుపొచ్చింది, ఆ వెంటే ఒళ్లు మండింది. నీకోసమా నేను ఇంత ఇదయ్యాను? పాతికేళ్లు నా తలలో కాపురం చేసి, వెళ్లిరమ్మంటే కనీసం గొంతు పట్టుకోలేదురా నీకు! ఎల్నా క్షమించమన్నప్పుడూ నువ్వు ఇలాగే చదివి ఉంటావు, ప్రింటర్ సంగతి చదివినట్టు, ఆ ఏడుపు నీది కాదు, ఎవరు ఏడ్చారు మరి, నేనా ఏడ్చింది? అంగీ, అన్నాడు ఎర్ల్, వేలు బటన్ మీదికి రాగానే, అంగీకరిస్తున్నా అని పూర్తి చేయబోతూ. పూర్తి కాలేదు. మార్లిస్ నొక్కేసింది.

ఆ తర్వాత ఏమీ లేదు. చూపున్నవాళ్లకైతే తెర మీద ఏదో తిరుగుతూ ఉంటుందట, ఇంత అయింది, ఇంత మిగిలింది అని కనపడుతుందట. చూపు లేనివాళ్లకి ఇది బావిలో కూర్చున్నట్టే, ఎక్కుతోందో చచ్చిందో చెప్పేవాడు ఉండడు, చెప్పేవాణ్ణే కదా తీసేస్తున్నారు. అరచెయ్యి కంప్యూటర్ వీపు మీద పెట్టి చూసింది, వెచ్చగా ఉంది, సన్నగా గిర్రుమంటోంది. ఏదైనా పలుకుతుందేమోనని హెడ్‌ఫోన్స్ రెండు చెవుల మీదా గట్టిగా అదుముకుని కూర్చుంది. ఎంతసేపో. వేడెక్కిపోయిందేమో, అనుకోబోయింది. అనుకోవడం మొదలైంది గానీ మాట రాలేదు. ఆ అనుకోబోయింది ఉంది, దానికి గొంతు లేదు. పాలు అయిపోయాయి, అనబోయింది, ఊరికే, పరీక్షగా. చీకట్లో చెయ్యి చాస్తే గోడ తగలనట్టు ఏమీ తగల్లేదు. లోపలంతా తుడిచేసినట్టుంది, ఒక్క మంచం కూడా లేని గదిలా ఉంది, ఇంత విశాలమా ఇది అనిపించింది, ఆ అనిపించడానికీ మాట లేదు.

అప్పుడు వినపడింది. గాలి లోపలికి పోయిన చప్పుడు. సన్నగా, దగ్గరగా, రెండు చెవుల మధ్యా. మార్లిస్ బిగుసుకుపోయింది. వచ్చేసింది. పీల్చుకుంది, ఇక మాట్లాడుతుంది. మాట రాలేదు. కొంచెం ఆగి మళ్లీ అదే, ఈసారి ఇంకా లోతుగా, పెద్ద వాక్యానికి సిద్ధమవుతున్నట్టు. ఏమిటి, చెప్పు, ఏం చెప్పాలనుకుంటున్నావు? ఊపిరి తొందరపడింది, అటువైపు కూడా తొందరపడింది. నమూనాలో ఇలా లేదు, నమూనాలో పీల్చగానే మాట వచ్చేది, ఇక్కడ పీలుస్తోంది, ఆగుతోంది, పీలుస్తోంది, ఎవరో మొహం మీద మొహం పెట్టి చూస్తున్నట్టు. కుర్చీ వెనక్కి తోసింది, అది ఎక్కడో తగిలి పడింది. "ఎల్నా!" అని అరిచింది, తన అరుపు హెడ్‌ఫోన్స్ లోపల ఎవరిదో అరుపులా మోగింది.

ఎల్నా పైకి పరిగెత్తుకొచ్చింది, తువ్వాలు చుట్టుకున్నట్టుంది, తడి చెక్క వాసన వేసింది. "ఏమైందే? పడ్డావా?"

"మాట్లాడటం లేదు. గాలి పీలుస్తోంది, మాట్లాడటం లేదు. తెర మీద ఏముందో చూడు, ఏదో అడుగుతోందేమో, త్వరగా."

ఎల్నా వంగింది, తడి జుట్టులోంచి ఒక బొట్టు మార్లిస్ చేతిమీద పడింది. "ఏం లేదు. సగం కూడా కాలేదు, చుక్కలు తిరుగుతున్నాయి. కంప్యూటర్ ఆపవద్దు అని రాసుంది, అంతే."

"శబ్దం వస్తోంది అక్కా. గొంతు దిగింది, ఊపిరి వినపడుతోంది." ఆమెని అక్కా అని పిలిచి ఎన్నేళ్లయిందో.

ఎల్నా హెడ్‌ఫోన్స్ తీసి తన చెవికి పెట్టుకుంది కాబోలు, ప్లాస్టిక్ చిన్నగా కిరకిరలాడింది. "ఇందులో ఏమీ లేదు మార్లిస్. చచ్చినట్టుంది."

"ఇప్పటిదాకా వచ్చింది. ఇక్కడే, చెవుల్లో."

"చెవులు మూసుకుని కూర్చుంటే రాదా మరి? అది నీ ఊపిరేనే. కింద మెట్ల దగ్గర నుంచీ వింటున్నా, ఎగపోస్తున్నావు."

మార్లిస్ ఊపిరి బిగబట్టింది. చప్పుడు ఆగింది. గది, మంచు, ఎల్నా జుట్టు నుంచి కారే నీళ్లు. వదిలింది, సన్నగా బయటికి పోయింది, వణుకుతూ, ముక్కుతో. ఇదా? నేనే, అనుకుందామని చూసింది. ఆ మాట అనే గొంతు లోపల ఎవరిదీ లేదు. అందుకని పైకే అంది, నెమ్మదిగా, బొంగురుగా, ఎవరో ముసలామె అన్నట్టుంది.

"నేనే."

"మరెవరనుకున్నావే?" అంది ఎల్నా.